అత్తగారి బల్ల, అల్లుడి తుపాకీ

రౌండప్, మోంటానా
మార్చి, 1993

ఒరేయ్ ఎల్డన్,

ఈ ఉత్తరం నా రిపేరు గ్యారేజీలో ఒక ట్రాక్టరు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోను వంటింట్లో ఉంది, వంటింట్లో మీ అక్క ఉంది. ఇది మీ అక్క వినకూడని సంగతి. జవాబు కూడా గ్యారేజీకే రాయి.

పోయిన సెప్టెంబరులో వెయ్యి గజాల తుపాకీ పోటీ అయ్యాక క్లబ్బులో అందరి ముందూ నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. నీ రెండో రైఫిలు అరువు తీసుకుని కాల్చానని, "సొమ్మొకడిది సోకొకడిది! మా బావకి తుపాకీయే కాదు, గాలి ఎటు వీస్తోందో కూడా నేనే చెప్పాలి" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ పెదాలతో నవ్వాను. ఇంటికొచ్చే దారంతా మీ అక్క, "ఏమయ్యా, ఆ పళ్ళు కొరకడం ఏమిటి, పిప్పిపన్నా?" అని అడుగుతూనే ఉంది.

అందుకని ఈ ఏడు నా సొంత రైఫిలు చేసుకుంటున్నాను. నీ రైఫిలుకు పోసిన డబ్బుతో బుద్ధున్నవాడు పికప్ బండి కొనుక్కుంటాడు. నాది మాత్రం నలుగురూ వద్దనుకున్న సామానుతో తయారవుతోంది. లోపలి ఇనుప భాగం తాకట్టు కొట్లో దొరికిన పాత వేట తుపాకీది. పైన తుప్పు, కింద బంగారం. గొట్టం నిరుడు గెలిచినాయన అరిగిపోయిందని పారేసింది. అరిగిన కొస కోసేస్తే మిగతాది నాకు చాలు. దుర్భిణి సంతలో దొరికింది. దాని మర తిప్పితే కదలదు, తిప్పి చెంచాతో ఒక్కటిస్తే కదులుతుంది. మనుషుల్లో లేరా అలాంటివాళ్ళు?

ఇక కావలసింది చెక్క. భుజానికి ఆనించే చోటు నుంచి గొట్టం కింద దాకా గట్టి చెక్క ఉండాలి. బజార్లో దాని ధర అడిగితే గుండె ఆగింది. నీ అటక మీద పాతది ఏదైనా పడుంటే పంపు. నీ కాళ్ళు పట్టుకోను గానీ, అడుగుతున్నాను.

నీ బావ,
వెర్లిన్


బఫలో, వయోమింగ్
ఏప్రిల్

బావా,

నీ ఉత్తరం నేను పాట పాడించే పశువుల వేలంశాలలో అందింది. ఎద్దులకీ ఎద్దులకీ మధ్య చదివి ఒకటే నవ్వు. నేను నవ్వుతుంటే పాట ఆగిపోయింది, ఒకాయనకి మంచి కోడెదూడ చవగ్గా పోయింది. ఆ పాపం నీదే.

నా అటక మీద చెక్క ఉంది. ఒకటి కాదు, రెండున్నాయి. పంపను. చవక తుపాకీ చేస్తానని బయల్దేరినవాడు చవగ్గానే చెయ్యాలి, బావమరిది అటక మీద పడకూడదు. అయినా వెయ్యి గజాలంటే ఏమనుకున్నావు? గుండు అక్కడికి చేరేలోపు నువ్వో గుక్క కాఫీ తాగొచ్చు. ఆ గుక్కలో గాలి దాన్ని ఎటైనా తీసుకుపోతుంది. చెంచాతో కొడితే కదిలే దుర్భిణితో నువ్వు టార్గెట్‌ని కాదు, దాని వెనక కొండని కొట్టినా నేను టోపీ తీస్తాను.

అక్కని అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు. నేను ఉత్తరాలు రాస్తున్నానంటే ఎవరో పోయారనుకుంటుంది.

నీ బావమరిది,
ఎల్డన్


రౌండప్
మే

ఒరేయ్ ఎల్డన్,

నువ్వు పంపకపోతే ఆగిపోతాననుకున్నావా? చెక్క దొరికింది. ఎలాంటి చెక్క అనుకున్నావు! పాత వాల్‌నట్, ఎండి గట్టిపడింది, యాభై ఏళ్ళుగా వంకర తిరగలేదు. నిలువునా రెండుగా కోసి, ఒకదానిమీదొకటి అతికించి, చిత్రిక పట్టాను. పైనున్న నల్ల వార్నిషు పోగానే లోపల నుంచి తేనె రంగు చారలు బయటపడ్డాయి. ఎక్కడిదని అడక్కు. దేవుడిచ్చాడు.

కానీ ఒక తప్పు చేశాను, నీ దగ్గర దాచను. ఇనుము చెక్కలో కదలకుండా కూర్చోవాలంటే మధ్యన జిగురు పోసి అచ్చు తీస్తాం కదా. ఇనుముకి ముందే బూటు పాలిష్ దట్టంగా రాస్తే జిగురు అంటుకోదు, ఎండాక ఊడొస్తుంది. నేను రాశాను. అంతా రాశాను. వెనక మూల ఒక్కచోట రాయలేదు. అప్పుడే మీ అక్క సూప్ చల్లారిపోతోందని కేకేసింది. తిరిగొచ్చి రాశాననే అనుకున్నాను.

మర్నాడు లాగితే రాదు. కొడితే రాదు. తిడితే అసలే రాదు. చలికి ఇనుము ముడుచుకుని విడొస్తుందని క్లబ్బులో ఎవరో అన్నది గుర్తొచ్చి, దుప్పట్లో చుట్టి మాంసం దాచే పెద్ద ఫ్రీజర్‌లో పెట్టాను. మీ అక్క రాత్రి వంటకి దుప్పి మాంసం తీద్దామని తలుపెత్తింది.

"ఏమయ్యా, మాంసం పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్నదెవరు?"

"రైఫిలు."

"పోయిందా?"

"పోలేదు. అతుక్కుంది. చల్లబడితే ఊడొస్తుంది."

"అయితే నువ్వూ కాసేపు లోపల పడుకో. నీ బుర్రకి పట్టిన పిచ్చి కూడా ఊడొస్తుందేమో."

ఊడిరాలేదు. రైఫిలూ రాలేదు, పిచ్చీ పోలేదు. ఇనుమూ చెక్కా ఇక మొగుడూ పెళ్ళాలే, వాటికి విడాకుల్లేవు. చిత్రమేమిటంటే, అలా బిగిసిపోవడం వల్లే అది భలే కాలుస్తోంది. నిన్న ఆరువందల గజాల్లో ఐదు గుళ్ళు ఒక అన్నంపళ్ళెమంత చోట పడ్డాయి. కంగారు పడ్డం మొదలుపెట్టు.

నీ బావ,
వెర్లిన్


బఫలో
జూన్

బావా,

అన్నంపళ్ళెం సంగతి తర్వాత. నాకు ఒక్కటి చెప్పు. రౌండప్ చుట్టూ నూరు మైళ్ళలో వాల్‌నట్ చెట్టు ఎక్కడుంది? అక్కడ మొలిచేవి పైన్ చెట్లూ అప్పులూ కదా. యాభై ఏళ్ళు ఎండింది అంటున్నావు. నల్ల వార్నిషు అంటున్నావు. దేవుడు వార్నిషు వేసి ఇస్తాడా?

నాకు తెలిసిన నల్ల వార్నిషు వాల్‌నట్ ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది మీ ఇంట్లోనే ఉంది. నేననుకున్నది కాదని రాయి బావా. త్వరగా రాయి.

ఎల్డన్


రౌండప్
జూన్ చివర

ఎల్డన్,

నువ్వనుకున్నదే.

మీ అమ్మ బల్ల జోలికి పోలేదు, నా మీద ఒట్టు. బల్ల వంటింట్లో నాలుగు కాళ్ళ మీద నిక్షేపంగా ఉంది. దాన్ని రెండు వైపులకీ లాగితే మధ్యలో ఖాళీ వస్తుంది కదా, ఆ ఖాళీలో వేసే నడిమి చెక్క తీశాను. అది ఏడాది పొడుగునా చుట్టాల గది మంచం కింద కంబళిలో నిద్రపోతుంది. నవంబరులో థాంక్స్‌గివింగ్ విందు నాడు ఒక్కరోజు లేస్తుంది. నిరుడు ఆ రోజున మేమిద్దరమే తిన్నాం, అప్పుడూ లేవలేదు. ఇక దాని అవసరం ఎవరికి అనుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాన్న చెప్పేవాడు. ఆయన మాట ఎప్పుడు విన్నాను గనక.

ఇప్పుడు విను. మొన్న మీ అక్క మంచి హుషారుగా వచ్చి, "ఈ ఏడు థాంక్స్‌గివింగ్‌కి అందర్నీ పిలుస్తున్నాను. అమ్మ ఉన్నప్పటిలా బల్ల పూర్తిగా తెరిచి పన్నెండుమందిమి కూర్చుందాం. ఎల్డన్ కూడా రావాలి" అంది. నేను కాఫీ కప్పు పట్టుకుని గ్యారేజీకి వచ్చేశాను.

తిడుతుందని కాదురా నా భయం. ఇరవై ఎనిమిదేళ్ళుగా తిట్లు తింటున్నవాణ్ణి. ఆ బల్లంటే ఆవిడకి ప్రాణం. మీ అమ్మ పోయాక సామాను పంచుకున్న రోజు నువ్వు "నాకేమీ వద్దు" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు చూడు, అప్పుడు ఆ బల్ల మీదే తల వాల్చి ఏడ్చింది. "వాడికి అమ్మంటే ఏమీ లేదు" అంది. ఇప్పుడు నేను దాని నడుమే విరిచానని ఎలా చెప్పను? ఆవిడ నన్ను వదిలిపోదు. నన్ను చూసి మాట్లాడ్డం మానేస్తుంది. అది నాకు చావే.

ఏదైనా దారి చెప్పు.

వెర్లిన్


బఫలో
జూలై

బావా,

రెండు వారాలు కోపంతో రాయలేదు. అమ్మ మా ఇద్దరికీ ఆ బల్ల మీదే అక్షరాలు నేర్పింది. చుట్టాలొచ్చినప్పుడు నడిమి చెక్క వేస్తే దాని ఎదురుగా కుర్చీ నాది, ఎందుకంటే అక్కడ బల్లకాలు అడ్డం రాదు, నేను కాళ్ళు ఊపుకోవచ్చు. నీ చేతిలో రంపం చూసినప్పుడు ఆ చెక్క ఏమనుకుందో. సరే, వదిలెయ్. నాకు ఆ బల్ల మీద ఆశ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మూడో వారంలో మాత్రం నవ్వొచ్చింది. అమ్మ నిన్ను పెళ్ళినాడు చూసి, "ఈ అబ్బాయి ఇల్లు కట్టడేమో గానీ విప్పుతాడు" అంది. ఎంత ముందుచూపు!

నీకు దారి కావాలా, ఇదుగో. ఈ సెప్టెంబరు పోటీలో నేను గెలిస్తే, థాంక్స్‌గివింగ్ లోపల నువ్వే అక్క ఎదురుగా నిలబడి నోరారా నిజం చెప్పాలి. నువ్వు గెలిస్తే, ఆ నింద నేను నెత్తినేసుకుంటాను. ఈస్టర్‌కి మీ ఇంటికొచ్చినప్పుడు చెక్క నేనే ఎత్తుకుపోయానని చెబుతాను. చిన్నప్పుడు అక్క పిగ్గీబ్యాంకు పగలగొట్టిన చరిత్ర నాకుంది, నమ్ముతుంది.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటావు. అవును. నేను పిల్లినే.

ఎల్డన్


రౌండప్
సెప్టెంబరు, పోటీ అయిన వారానికి

నా ముద్దుల బావమరిదీ,

నువ్వక్కడే ఉన్నావు, అన్నీ చూశావు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే క్రిస్మస్ నాటికి నువ్వు ఈ కథని తిరగరాసి ఊరంతా చెబుతావు. అసలు జరిగింది కాగితం మీద ఉండాలి.

నాది పదకొండో టార్గెట్, పక్కనే నీది పన్నెండు. ఆఖరి గుండు దాకా నువ్వు నాకన్నా చాలా ముందున్నావు. నా చెంచా దెబ్బలకి అటుపక్కాయన ఉలిక్కిపడుతున్నాడు, నువ్వు కిసుక్కుమంటున్నావు. అప్పుడు గాలి లేచింది. జెండాలన్నీ అడ్డంగా నిలబడ్డాయి. నేను ఎలాగైతే అలా అవుతుందని కాల్చేశాను. నువ్వేమో తెలివిగా ఆగావు. మోచేతులు సర్దుకున్నావు, టోపీ సర్దుకున్నావు, గాలి తగ్గేదాకా జెండా వంకే చూశావు. గాలి తగ్గింది. కన్ను దుర్భిణికి ఆనించి, నిదానంగా, మహా అందంగా పేల్చావు.

దూరాన గోతిలో కూర్చుని, అందరూ కాల్చాక టార్గెట్లు దించి చూసేవాళ్ళు నీది దించారు. వెతికారు. రంధ్రం లేదు. నీ పన్నెండో టార్గెట్ ముందు ఎర్రజెండా అటూ ఇటూ ఊగింది. గుండు తగల్లేదని! నీ మొహం ఆ జెండాకన్నా ఎర్రబడింది.

నా పదకొండులో రెండు రంధ్రాలున్నాయి. ఒకటి నాది, అంచున ఏడో గీత దగ్గర ఉసూరుమంటూ. రెండోది నీది, పది మధ్యలో, పిన్ను గుచ్చినట్టు. సర్దుకున్నప్పుడు నీ గురి ఒక టార్గెట్ పక్కకి జరిగింది, నెంబరు పలక చూసుకోలేదు నువ్వు. రూలు నీకూ తెలుసు: ఒకడి టార్గెట్‌లో రెండు గుళ్ళు పడితే ఎక్కువ పాయింట్లది వాడిదే. పక్కోడి దాన్ని కొట్టినవాడికి సున్నా. నాకు పది, నీకు సున్నా. ఒక్క పాయింటుతో నేను గెలిచాను.

సెక్రటరీ మైకులో, "ఇంత దూరం నుంచి ఇంత మంచి కానుక బావకి ఎవరిచ్చారు!" అన్నప్పుడు జనం ఎలా నవ్వారో వినే ఉంటావు. ఆడలేక మద్దెల ఓడు అనకు. నీ మద్దెల దివ్యంగా ఉంది.

పందెం గుర్తుందిగా?

విజేత,
వెర్లిన్


బఫలో
అక్టోబరు

బావగారికి,

గుర్తుంది. మాట తప్పను.

ఇరవై ఏళ్ళలో నేను పక్కోడి టార్గెట్ కొట్టడం ఇదే మొదలు. వేలంశాలలో ఇప్పుడు కుర్రాళ్ళు నేను పాట మొదలుపెట్టగానే, "ఏ ఎద్దుకి పాడుతున్నావు, పక్కదానికా?" అని అరుస్తున్నారు.

నిజం చెప్పనా? ఎద్దుల మధ్య నిలబడి రోజంతా వాగే నోరు నాది. అక్క ముందు మాత్రం అది పనిచెయ్యదు. అమ్మ పోయాక మేమిద్దరం వాతావరణం గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఇప్పుడు వెళ్ళి దొంగనని చెప్పుకోవాలి. నువ్వు పక్కనే ఉండు. టర్కీ కోడిని కోసే కత్తి కాస్త దూరంగా పెట్టు.

ఎల్డన్


బఫలో
నవంబరు, థాంక్స్‌గివింగ్ అయ్యాక

బావా,

ఇంటికొచ్చి మూడు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపుతున్నాను. ఆ పొద్దున నువ్వు నన్ను వంటింట్లోకి తోసి, కట్టెల కోసం అని జారుకున్నావు. లోపల జరిగింది నీకు సగమే తెలుసు. మిగతాది విను.

అక్క కత్తి నూరుతోంది. "అక్కా, ఆ నడిమి చెక్క మంచం కింద వెతక్కు. నేను ఎత్తుకుపోయాను" అన్నాను.

కత్తి ఆగింది. "ఎప్పుడు?"

"ఈస్టర్‌కి వచ్చినప్పుడు."

"ఎందుకురా?"

బావా, మనం ఇంత ఆలోచించాం, ఆ ఎందుకుకి జవాబు ఆలోచించలేదు. నేను నోరు తెరిచాను, దానంతటది మాట్లాడేసింది. "అక్కడ నా కుర్చీ ఉండేది. అమ్మ నా పళ్ళెంలో వడ్డించి, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళేది. ఆ రోజు ఏమీ వద్దన్నాను గానీ, అడిగితే ఏడుస్తానేమోనని వద్దన్నాను" అన్నాను. అబద్ధం చెబుదామని మొదలుపెట్టాను. ఒక్క ముక్క కూడా అబద్ధం కాకుండా పోయింది. యాభై రెండేళ్ళ వెధవని, గరిటె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

అక్క కత్తి తొట్లో పడేసి నన్ను పట్టుకుంది. "పిచ్చి సన్నాసీ, నాలుగేళ్ళు ఎంత తిట్టుకున్నానురా నిన్ను. అడిగితే ఇవ్వనా?" అంది. తర్వాతది నువ్వూ చూశావు. పన్నెండుమందీ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. తిన్నాక, "చెక్క ఎక్కడుంటే బల్లా అక్కడే ఉండాలి" అని పట్టుబట్టి, బల్లని నా పికప్‌లోకి ఎక్కించింది. ఒక కొస నువ్వు మోశావు, ఒక కొస నేను. నీ మొహం చూడలేకపోయాను.

ఇప్పుడు అది నా ఇంట్లో ఉంది. దాని మీద అన్నం పెట్టుకుంటే దిగడం లేదు. ఓడినవాడికి బల్ల, గెలిచినవాడికి ఏముంది? పైగా అక్క వచ్చే ఏడు ఇక్కడికే వస్తానంది, చెక్క వేసి తెరవమంటుంది. నిజం చెప్పేస్తాను బావా. నువ్వు సరేనంటే ఇవాళే ఫోను చేస్తాను.

ఎల్డన్


రౌండప్
డిసెంబరు

ఎల్డన్,

ఫోను ముట్టుకున్నావంటే చంపేస్తాను.

ముందు నా కష్టాలు విను. మేమిప్పుడు ఇస్త్రీబల్ల మీద భోంచేస్తున్నాం. నేను కాస్త ఆనితే మీ అక్క వైపు లేస్తుంది. ఆవిడ ఆనితే నా సూప్ నా ఒళ్ళోకొస్తుంది. కట్టెల షెడ్డులో నిలబడి కిటికీలోంచి మిమ్మల్ని చూస్తున్నప్పుడు నాకు ఎంత కుళ్ళొచ్చిందో తెలుసా? ఆ చెక్క కోసింది నేను, దాని కోసం భయపడి చచ్చింది నేను. కౌగిలింత నీకు, బల్ల నీకు! నేనే వెళ్ళి ఒప్పుకునుంటే నాకు ఆ గరిటెతో వడ్డన జరిగేది, అది వేరే సంగతి. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కట్టెలు మోసుకొచ్చాను.

అయినా చెప్పొద్దురా. అత్తగారు పోయినప్పటినుంచి మీ అక్క ఇంట్లో కూనిరాగం తియ్యలేదు. ఇప్పుడు గిన్నెలు కడుగుతూ తీస్తోంది. పొరుగావిడతో, "మా తమ్ముడు అమ్మ గుర్తుగా చెక్క ముక్క దొంగిలించాడు తెలుసా" అని, నువ్వేదో పతకం తెచ్చినట్టు చెబుతోంది. అది నేను చెడగొట్టలేను. నువ్వూ చెడగొట్టకు. వచ్చే ఏడాదికి పైన్ చెక్కతో ఒక నడిమి చెక్క చేసిస్తాను, పైన గుడ్డ పరిచెయ్. గుడ్డ ఎత్తిందా, నీ చావు నువ్వు చావు.

ఇక అసలు సంగతి. నిన్న రైఫిలుకు నూనె పట్టిస్తున్నాను. మీ అక్క కాఫీ తెచ్చి, మొదటిసారి దాన్ని సరిగ్గా చూసింది. వేలితో ఆ చారలు నిమిరింది.

"ఎంత బాగుందయ్యా! ఇంత మంచి చెక్క నీకెక్కడిది?"

నోటికి ఏం దొరికితే అదే అన్నాను. "మీ తమ్ముడు ఇచ్చాడు."

కాఫీ కప్పు పక్కన పెట్టి, "వాడు ఇంత మంచి చెక్క ఇస్తే, దాంతోనే తుపాకీ చేసి, వాడి గుండుతోనే వాణ్ణి ఓడించావా? నీకు సిగ్గనిపించలేదూ?" అంది.

నేను గుడ్డ తీసుకుని మళ్ళీ నూనె పట్టించడం మొదలుపెట్టాను.

"క్రిస్మస్‌కి ఎలాగూ వాడి దగ్గరికి వెళ్తున్నాం. దీన్ని వాడికి ఇచ్చెయ్" అంది.

గెలిపించిన తుపాకీరా. నా చేత్తో చేసింది, నా ఒక్కడిది. ఏడుపొచ్చింది. కానీ ఆవిడ మళ్ళీ ఆ చెక్క మీద చెయ్యి వేసి, అమ్మ బల్ల కూడా అచ్చం ఇలాగే ఉంటుందేమో పైన వార్నిషు లేకపోతే, అని తనలో తాను అనుకుంది. ఆ మాటకి ఇవ్వక తప్పలేదు. తెస్తున్నాను.

బల్లకి ఎదురుగా గోడకి తగిలించాలట. మేకు కూడా నేనే కొట్టి రావాలట.

నీ బావ,
వెర్లిన్